వచ్చి తీసుకుంటానన్న డబ్బు

మా యజమాని ఊ గిల్సాంగ్ గారికి డబ్బు వస్తే సంతోషించడం ఒక్కటే తెలుసు. వచ్చిన డబ్బు ఎవరిదో ఆలోచించి తల పగలగొట్టుకోవడం నా వంతు. చాంగ్వన్‌లో ఉన్న ఈ ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ప్యో మిరాన్‌ని నేనే. ఫిరంగి పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నుతుంది కదా, ఆ తన్నుడును ఆపే సిలిండర్లకు సీళ్ళు, పిస్టన్లు మేం చేస్తాం. ఫిరంగి చేసేది పెద్ద కంపెనీ. దాని నీడలో బతికే చిన్న కంపెనీలు ఈ ఊళ్ళో వీధికి నాలుగున్నాయి, మాది వాటిలో ఒకటి.

నవంబరులో పెద్ద కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చింది, దాంతోపాటు ముప్ఫై కోట్ల వన్‌ల అడ్వాన్సు కూడా. ఆ సాయంత్రం ఊగారు ఫ్యాక్టరీ మొత్తాన్నీ పంది మాంసం కాల్చే హోటలుకు తీసుకెళ్ళి, బల్ల మీద చెయ్యి చరిచి పాటలు పాడారు. మర్నాడు నేను బ్యాలెన్సు షీటు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఏంటి ప్యో మేనేజరూ, రాత్రి తిన్నది అరగలేదా? మొహం అలా పెట్టావ్?"

"నాకు అరిగిందండీ. మీకే ఇప్పుడు అరగదు. మన అప్పుల నిష్పత్తి నూట అరవై ఐదు నుంచి రెండు వందల నలభైకి ఎక్కింది."

"అప్పా? నేనెక్కడ చేశాను? నిన్నే కదా డబ్బొచ్చింది!"

"అందుకే ఎక్కింది."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. నాకు పిచ్చి పట్టిందనుకున్నప్పుడు అలా చూస్తారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషికి లెక్కలు చెబుతున్నాను, నా ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"కంపెనీలో సొంత డబ్బు నలభై కోట్లు. మీరు పెట్టింది, ఇన్నేళ్ళలో మిగిలింది, అంతా కలిపి. పరాయి డబ్బు నిన్నటిదాకా అరవై ఆరు కోట్లు. బ్యాంకుది, ఉక్కు, రబ్బరు అరువిచ్చిన వాళ్ళది. మన వంద వన్‌లకి పరాయివి నూట అరవై ఐదు అన్నమాట. ఇప్పుడీ అడ్వాన్సు వచ్చింది. సరుకు చేసి ఇచ్చేదాకా అది మనది కాదు, వాళ్ళదే. అంటే అదీ అప్పే. పరాయి డబ్బు తొంభై ఆరైంది."

"ఐతే ఏంటట?"

"ఏంటంటే, డిసెంబరు ఆఖరుకి రెండు వందలు దాటి ఉంటే వచ్చే ఏడాది మనకి ఆర్డర్లు లేవు. పెద్ద కంపెనీ వాళ్ళ షరతు."

ఊగారి మొహం మాడిపోయింది. కళ్ళజోడు బల్ల మీద పడేశారు.

"అంటే, వాళ్ళే డబ్బిచ్చి, వాళ్ళ డబ్బు వల్ల నేను అప్పులపాలయ్యానని, వాళ్ళే నన్ను వెళ్ళగొడతారా? ఆ షరతు రాసినవాణ్ణి పిలువు, ఇక్కడికొచ్చి ఒక్క సీలు బిగించమను!"

"పిలిస్తే వస్తాడా. ఏదో ఒకటి చెయ్యాలి."

అడ్వాన్సు వచ్చిన రోజే కొత్త ఉక్కు కొనడానికి పోయింది, దానితో బ్యాంకు అప్పు తీర్చే వీల్లేదు. ఊగారి ఇల్లు ఎప్పుడో తాకట్టులో ఉంది, కొత్తగా పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆయన వేలితో కాగితం మీద ఒక్కో వరుసా తడుముతూ వచ్చి ఒకచోట ఆగారు. నాకు తెలుసు ఎక్కడ ఆగుతారో. ఆయన వేలు ఆ వరుస దాటిపోవాలని లోలోపల మొక్కుకున్నాను కూడా.

"తక్ హ్యోన్‌బే. ఎనిమిది కోట్లు. ఇదింకా ఉందా?"

"ఉంది."

"పోనీ ఇచ్చేద్దామా?"

"ఇచ్చినా రెండు వందల ఇరవై. ఇవ్వడానికి డబ్బూ లేదు."

"మరి?"

చెప్పక తప్పలేదు. "ఆ అప్పుని ఆయన వాటాగా మార్చుకుంటే సరిపోతుంది. పరాయి డబ్బులోంచి ఎనిమిది తగ్గి, సొంత డబ్బులో ఎనిమిది పెరుగుతుంది. మన నలభై ఎనిమిదికి పరాయివి ఎనభై ఎనిమిది. నూట ఎనభై మూడు."

ఊగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "మరింకేం! ఫోన్ చెయ్యి!"

"ఫోన్లో అడిగేది కాదు. వెళ్ళొస్తాను," అన్నాను.

తక్ హ్యోన్‌బే మా పాత ఇంజనీరు. మా సీళ్ళలో సగం ఆయన గీసినవే. జీతాలకు కటకటలాడిన ఒక ఏడాది తన అపార్ట్‌మెంటు అమ్మి ఆ ఎనిమిది కోట్లూ కంపెనీకి అప్పిచ్చాడు. ఆ తర్వాత గోహంగ్‌లో సముద్రపు నాచు పండించే తండ్రి పోయి, తల్లికి కాళ్ళు పడిపోతే, పడవా తల్లీ చూసుకోవడానికి ఊరెళ్ళాడు. వెళ్ళే రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ డబ్బు అలాగే ఉండనివ్వండి మిరాన్‌గారూ. వచ్చి తీసుకుంటాను," అన్నాడు. తొమ్మిదేళ్ళయింది.

మా మధ్య ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆయన ముల్లంగి పచ్చడి నాకు తోసేవాడు, నేను చేప ముక్క ఆయనకు తోసేదాన్ని. అంతే. కానీ ఆయన వెళ్ళాక నేను ఆ క్యాంటీన్లో తినడం మానేశాను.

ప్రతి జనవరిలో, ఏడాది లెక్కలు మూసేటప్పుడు, అప్పిచ్చినవాళ్ళందరికీ ఫోన్ చేసి బాకీ సరిచూసుకోవాలి. ఆయనకీ చేస్తాను. "ఎనిమిది కోట్లు ఉన్నాయండీ." "ఉండనివ్వండి. వచ్చి తీసుకుంటాను." తర్వాత కాసేపు ఎవరమూ ఫోన్ పెట్టం. అటువైపు సముద్రం చప్పుడు వినిపిస్తుంది. ఆ కాసేపు కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. చూశాననే చెబుతాను, సిగ్గేముంది.

బస్సులో కూర్చుని దారి పొడుగునా ఒకటే ఆలోచన. అప్పిచ్చినవాడు తన డబ్బు కోసం ఎప్పుడో ఒకప్పుడు రావాలి. వాటాదారుడి డబ్బు తిరిగి రాదు, లాభమైనా నష్టమైనా మాతోనే ఉంటుంది. కానీ వాటాదారుడు మార్చిలో జరిగే సర్వసభ్య సమావేశానికి ఏటా రావాలి. ఎప్పుడో ఒకప్పుడు కంటే ఏటా మార్చి నయం కదా. నలుగురు వాటాదార్లున్న కంపెనీలో సమావేశం అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు. ఇలా లెక్క వేసుకుంటూ, అడగడానికి భయపడుతూ వచ్చిన నేను, బస్సు దిగేసరికి ఆయన ఒప్పుకోవాలని తహతహలాడుతున్నాను. కంపెనీ కోసం కాదు.

ఇల్లు రేవు పక్కనే. ఆయన పడవ ఇంకా రాలేదు. తల్లి అడుగున వేడి పెట్టిన నేల మీద పరుపు వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పేరు చెప్పగానే నన్ను ఎగాదిగా చూసింది.

"ఓహో, నువ్వేనా! జనవరికి జనవరికి ఫోన్ చేసేది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మంచిదానివే. మావాడు ఆ నెల మొదలవగానే ఫోన్ జేబులో పెట్టుకునే పడవెక్కుతాడు. నీళ్ళలో పడుతుందిరా అంటే వినడు. తిన్నావా? ఏం తింటావులే, ఆ మెడ చూడు, పిట్ట మెడ. ఆ గిన్నెలో గుల్లల పులుసు ఉంది, వేడి చేసుకో. నేను లేవలేను."

నేను వంటింట్లో ఆమెకు కనబడకుండా నిలబడి పులుసు కలిపాను.  తొమ్మిదేళ్ళలో ఇలాంటి మాట నాతో అన్నవాళ్ళు లేరు.

ఆయన వచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది, చేతులు ఉప్పునీళ్ళకు పగిలిపోయాయి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంకా జనవరి రాలేదు కదండీ," అన్నాడు.

"రాలేదు. పనుండి వచ్చాను."

కాగితాలు పరిచి మొత్తం చెప్పాను. ఊగారికి పూట పట్టే విషయం ఆయనకు నాలుగు మాటల్లో అర్థమైంది. అడ్వాన్సు వల్ల అప్పుల నిష్పత్తి పెరిగిందనగానే నవ్వాడు.

"ఊగారు ఎవర్ని తిట్టారు?"

"షరతు రాసినవాణ్ణి. వచ్చి సీలు బిగించమన్నారు."

ఇద్దరం నవ్వాం. పక్కగదిలోంచి తల్లి, "ఏంటర్రా ఆ నవ్వులు, నాకూ చెప్పండి!" అని అరిచింది.

"మార్చేయండి," అన్నాడు ఆయన. "వాటా చేసేయండి."

"మళ్ళీ ఆలోచించుకోండి. అప్పైతే అడిగి తీసుకోవచ్చు. వాటా ఐతే కంపెనీ మునిగితే మీదీ మునుగుతుంది."

"ముప్ఫై మంది బతుకుతున్నారు దాని మీద. మీరూ ఉన్నారు. మునగనివ్వరు."

అప్పుడు ధైర్యం తెచ్చుకున్నాను. కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకునే చెప్పాను. "వాటాదారులైతే మార్చిలో సమావేశానికి రావాలి. ఏటా."

ఆయన లేచి వెళ్ళి, బీరువాలోంచి చిన్న తోలు సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పితే ముద్ర. ఆయన పేరు చెక్కి, ఊరి ఆఫీసులో నమోదు చేయించిన అసలు ముద్ర. ఇల్లు అమ్మినా, పడవ కొన్నా సంతకం బదులు అదే పడాలి. మా ఊగారైతే తనది భార్యకు కూడా దొరకకుండా దాస్తారు.

"ఇదెందుకు?"

"నా తరఫున మీరే వేయండి. ఏటా."

 మొదటి క్షణం సంతోషమే. ఒక మనిషి తన బతుకంతా నా చేతిలో పెట్టాడు. రెండో క్షణానికి అర్థమైంది, ఆయన రాడని.

"మార్చిలో నాచు కోతలా? సమావేశం ఏప్రిల్లో పెట్టిస్తాను. ఊగారు నా మాట వింటారు."

"కోతలు కాదండీ." ఆయన నా వైపు చూడకుండా సముద్రం వైపు చూశాడు. "అమ్మను వదిలి నేను కదలలేను. కంపెనీని వదిలి మీరు కదలలేరు. వచ్చి తీసుకుంటానని చెప్పి తొమ్మిదేళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఆ మాట అన్నప్పుడల్లా నిజంగానే వస్తాననుకున్నాను. ఇక అనను మిరాన్‌గారూ."

కూర్చోబెట్టండి, నాకేం కష్టం లేదు, అని అరవాలనిపించింది. అందరి మీదా అరిచే నేను ఆయన మీద అరవలేకపోయాను. ముద్ర సంచిలో పెట్టి, సంచి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆయన బస్టాండు దాకా వచ్చి ఎండిన నాచు కట్టలు నా ఒడిలో పెట్టాడు. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు.

డిసెంబరు ఆఖరుకి నిష్పత్తి నూట ఎనభై మూడు దగ్గర నిలిచింది. ఆర్డర్లు వచ్చాయి. ఊగారు ఇప్పుడు ఈ విషయంలో పండితులైపోయి, కనబడ్డవాళ్ళందరికీ అడ్వాన్సు అంటే అప్పేనని పాఠం చెబుతున్నారు. జనవరిలో అప్పిచ్చినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఆ జాబితాలో ఇప్పుడు తక్ హ్యోన్‌బే పేరు లేదు, వాటాదారుడైపోయాడు కదా. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఏమని చెయ్యను? చేస్తే ఎత్తుతాడు, నాకు తెలుసు. ఇక అననన్న ఆయన మాటను నేనెందుకు తప్పించాలి అనుకుని పక్కన పెట్టేశాను.

మార్చిలో సమావేశం జరిగింది. వాటాదార్లలో ఊగారు, ఆయన బావమరిది, పాత ఫోర్‌మన్ వచ్చారు.

"తక్ రాలేదేం? వాటాదారుడై కూడా బెట్టు చేస్తున్నాడా?" అన్నారు ఊగారు.

"ఆయన తరఫున నేనున్నాను."

"నీకు ముద్ర ఇచ్చాడా? అసలుదేనా?" ఆయన నోరు తెరిచారు. "ప్యో మేనేజరూ, అదృష్టవంతురాలివి. నన్నెవడూ అంత నమ్మలేదు."

ఎర్ర సిరాలో అద్ది తక్ హ్యోన్‌బే పేరు పక్కన ముద్ర వేశాను. గట్టిగా నొక్కాను, స్పష్టంగా పడింది. తర్వాత నియమం ప్రకారం లేచి నిలబడి, వాటాదార్లందరూ హాజరయ్యారని నేనే పైకి చదివాను.