అయిదు నక్షత్రాల మౌనం

పెర్నిక్‌లో మా పేట కొరియర్ ఆఫీసు ఎప్పుడూ సందడిగా ఉంటుంది. వచ్చిన పార్సెల్‌ను అక్కడే విప్పి, చూసుకుని, నచ్చితేనే డబ్బు కట్టి తీసుకుపోవడం ఇక్కడి పద్ధతి. ఒకాయన కొత్త బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా నడిచి చూస్తాడు. ఒకావిడ చలికోటు వేసుకుని కిటికీ అద్దంలో వీపు చూసుకుంటుంది. నచ్చకపోతే మొహమాటం లేకుండా తిప్పి పంపేస్తారు. తమను మోసం చేయడం ఎవరి తరమూ కాదని మావాళ్లకు గొప్ప ధీమా. ఆ ధీమా చాటున ఎంత పెద్ద మోసం దర్జాగా తిరుగుతోందో, దాన్ని మా ఊరి మనిషి ఒకావిడ ఎలా నిలదీసిందో పాఠకులకు చెప్పాలని ఈ కథ మొదలుపెట్టాను.

ఆవిడ పేరు నెవ్యానా. బొగ్గుగనుల పేటలోని పఠనమందిరంలో గ్రంథపాలకురాలు. ఆ రోజు ఆమెకు వచ్చిన పార్సెల్‌లో అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా ఉంది. కంప్యూటర్‌లో ఉన్నదంతా దాచుకునే డిస్క్ అది. పెట్టె మీద పేరున్న కంపెనీ ముద్ర, మెరిసే సీలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"ఏదీ, ఇలా ఇవ్వు. కంప్యూటర్‌కి తగిలించి చూద్దాం" అంది కౌంటర్ దగ్గర ఉండే పెన్కా.

తగిలించగానే తెర మీద అంకె కనిపించింది. చెప్పినంత చోటూ ఉంది. పెన్కా డబ్బాను చేత్తో తూచి, "అబ్బ, బరువు చూడు. గట్టి సరుకే!" అంది. నెవ్యానా సంతోషంగా డబ్బు కట్టి సంచిలో వేసుకుంది.

ఆ డిస్క్‌లో ఆమె దాచబోయేది మామూలు సరుకు కాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పేటలోని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల వంటింట్లో కూర్చుని, గని కార్మికుల పాటలు, చలికాలపు మాస్కుల పండుగ ముచ్చట్లు, పెళ్లిపాటలు రికార్డు చేసుకుంటూ వచ్చింది. పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఆ గొంతులన్నీ పఠనమందిరంలోని ఒక పాత కంప్యూటర్‌లో ఉండేవి. అది ఏ రోజు ఆగిపోతుందోనని ఆమెకు గుండెల్లో దడ. అందుకే మందిరంలోని కుట్లు అల్లికల బృందం ఆడవాళ్లు జున్ను పెట్టిన బానిత్సా రొట్టెలు కాల్చి అమ్మి మరీ ఈ డిస్క్‌కు డబ్బు పోగుచేశారు.

ఎక్కడ కొనాలో తేల్చుకోవడానికి నెవ్యానా చాలా వెతికింది. చివరికి ఒక ఆన్‌లైన్ దుకాణం పేజీలో కొన్నవాళ్ల అభిప్రాయాలు చదువుతూ ఒక పేరు దగ్గర ఆగింది. "మానోల్ స్లావ్చెవ్, పెర్నిక్. అయిదు నక్షత్రాలు. చాలా మంచి వస్తువు." స్లావ్చెవ్ గారు గనిలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి, పఠనమందిరానికి అధ్యక్షుడు. ఆయన మంచిదన్నాక ఇంక అనుమానమేముంది?

గొంతులన్నీ కొత్త డిస్క్‌లోకి ఎక్కాయి. పేర్లన్నీ వరుసగా కనిపించాయి. పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి, నెవ్యానా దాన్ని పెన్షనర్ల క్లబ్బుకు ఇచ్చేసింది.

పఠనమందిరం నూరేళ్ల వేడుక దగ్గరపడింది. ఆ సాయంత్రం వినిపించడానికి నెవ్యానా ముందుగా తీనా మామ్మ పాడిన పెళ్లిపాట తెరిచింది. పేరు ఉంది, పాట లేదు. గని మేస్త్రీ గెర్గిన్ తాత షిఫ్టు పాట తెరిచింది. అదీ పలకలేదు. ఒక్కొక్కటీ తెరుస్తూ పోయింది. చివర్లో ఎక్కించిన కొన్ని తప్ప అన్నీ మూగబోయాయి.

ఆమె పిన్నికొడుకు వెంట్సి కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. వాడి కొట్టుకు పరుగెత్తింది. వెంట్సి డబ్బా మూత ఊడదీసి చూసి, దాన్ని ఆమె వైపు తిప్పాడు. లోపల వేలిగోరంత మెమరీ కార్డు ఒకటి ఉంది. మిగిలిన చోటంతా జిగురుతో అంటించిన ఇనుప నట్లు.

"ఇవెందుకురా?" అంది నెవ్యానా.

"బరువు కోసం అక్కా. చేత్తో పట్టుకుంటే నిజం డిస్క్‌లా ఉండాలి కదా!"

"మరి చోటుందని కంప్యూటరే చూపించిందిగా?"

"ఆ కార్డుకి అబద్ధం చెప్పడం నేర్పారు. పది సీట్ల బస్సుకి నాలుగొందల టికెట్లు అమ్మారనుకో. పదకొండో వాడు ఎక్కగానే ముందు ఎక్కినవాడిని కిటికీలోంచి తోసేస్తారు. పేరు మాత్రం చార్టులో ఉంటుంది. నీ పాటలకీ అదే గతి పట్టింది."

వెంట్సికి ఆమెను చూస్తే జాలేసింది. ఏదో ఒకటి చెప్పాలని, "పోనీ మూత బిగించేసి ఇంటర్నెట్‌లో నువ్వూ అమ్మెయ్యి. మోసపోయినవాళ్లు చాలామంది చేసేది అదే" అన్నాడు.

"నువ్వు అమ్ముతావా?"

"నేనా? ఛ, ఛ!"

"మరి నాకెందుకురా చెబుతున్నావు, గాడిదా?"

వెంట్సి మూతను పక్కకు నెట్టేశాడు.

దుకాణానికి ఫిర్యాదు రాస్తే జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. డబ్బంతా తిరిగి ఇస్తారట. డిస్క్ కూడా ఆమే ఉంచుకోవచ్చట. బదులుగా పేజీలో అయిదు నక్షత్రాలు పెట్టి ఒక మంచి మాట రాస్తే చాలట. నెవ్యానా ఆ జవాబును రెండోసారి చదువుతూ ఉలిక్కిపడింది. ఆ పేజీలోని పొగడ్తలన్నీ ఎలా పుట్టాయో ఆ క్షణాన అర్థమైంది. తను నమ్మి కొన్నది మోసపోయినవాళ్ల మౌనాన్ని. ఆ మౌనం కింద సంతకం పెట్టినవాళ్లలో తనకు తెలిసిన మనిషి కూడా ఉన్నాడు.

ఆమె నేరుగా స్లావ్చెవ్ గారింటికి వెళ్లింది. జరిగిందంతా విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, నూరేళ్ల వేడుక. నగరసభ నుంచి పెద్దలొస్తారు. పాటలు పాత కంప్యూటర్లోనే చెడిపోయాయని చెబుదాం. గ్రంథపాలకురాలే మోసపోయిందంటే నవ్వుతారు. నీ పరువు, మన మందిరం పరువు..."

"మీ డిస్క్ ఎలా ఉంది ఇంజనీరు గారూ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని, "సొరుగులో ఉంది" అన్నారు. "మా ఆవిడ రోసిత్సా పోయే ముందు వేసవిలో సముద్రానికి వెళ్లాం. అప్పటి ఫోటోలన్నీ అందులోనే పెట్టాను. ఒక్కటీ మిగల్లేదు. డబ్బు వెనక్కిచ్చారు, నక్షత్రాలు పెట్టమన్నారు, పెట్టాను. గనిలో అంతమంది ప్రాణాలకు పూచీపడినవాణ్ణి. అరచేతంత డబ్బా నన్ను బోల్తా కొట్టించిందని ఎవరితో చెప్పుకోను?"

నెవ్యానాకు కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. ముందు కోపమే మాట్లాడింది.

"గనిలో గ్యాస్ వాసన వస్తే మీరొక్కరే బయటపడి ఊరుకునేవారా? వెనకవాళ్లకు 'లోపల గాలి బాగుంది, రండి' అనేవారా? ఆ పేజీ మీద మీరు రాసింది అదేగా! మీ పేరు చూసే నేను కొన్నాను."

ఆమె గుమ్మం దాటుతూ ఒక్క మాట అంది. "నేను దాచను. మీ పేరు నా నోట రాదు. నా సంగతి మాత్రం నేను చెబుతాను."

ఆ రాత్రే దుకాణం పేజీలో ఒక్క నక్షత్రం పెట్టి, తన అసలు పేరుతో, మూత తీసిన డబ్బా ఫోటోతో జరిగిందంతా రాసింది.

వేడుకకు హాలు కిటకిటలాడింది. ముందు వరుసలో నగరసభ పెద్దలు, వెనుక గోడవారగా నిలబడ్డ జనం. పాటలు వినిపించాల్సిన సమయానికి నెవ్యానా వేదిక ఎక్కి, ఆ డబ్బాను బల్ల మీద పెట్టింది.

"ఈ సాయంత్రం మీకు మన పెద్దవాళ్ల గొంతులు వినిపిస్తానన్నాను. వినిపించలేను. మీరు బానిత్సాలు అమ్మి పోగుచేసిన డబ్బుతో నేను కొన్నది దొంగ డిస్క్. చూసుకోవడం చేతకాలేదు, నమ్మాను. రెండో చోట దాచకుండా పాతవి తుడిచేశాను, ఆ తప్పు నాదే. కానీ ఈ డబ్బా ఇంకా అమ్ముతున్నారు. మీలో ఎవరూ కొనకూడదని చెబుతున్నాను."

వెనుక నుంచి ఎవరో, "చదువుకున్నవాళ్లూ ఇంతేనన్నమాట!" అని పకపక నవ్వారు.

అప్పుడు ముందు వరుసలో ఒక కుర్చీ కదిలింది. స్లావ్చెవ్ గారు లేచి నిలబడి, జనం వైపు తిరిగారు. "నవ్వేదేదో నన్ను చూసి నవ్వండి. ఆవిడకంటే ముందు మోసపోయింది నేను. నోరు మూసుకుని, మంచిదని రాసి, ఆవిడను ఆ దారిన పంపింది కూడా నేనే" అన్నారు.

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. బేకరీ నడిపే ఆవిడ లేచి, కూతురి కంప్యూటర్‌కు కొన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు మూత తీస్తే లోపల ఏదో పాత కార్డు బయటపడిందని చెప్పింది. అంబులెన్స్ డ్రైవర్ ఒకాయన, తాను కంప్యూటరుకు కరెంటు అందించడానికి కొన్న పవర్ సప్లై పొగలు కక్కి కర్టెన్ అంటుకుందని, ఇంట్లోవాళ్లకు సిగరెట్ నిప్పని అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. "ఓహో, అదా సంగతి!" అని పక్కనే ఉన్న ఆయన భార్య అనడంతో హాలు గొల్లుమంది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరూ తమ ఇంట్లోనే దాచుకున్న సిగ్గు పదిమందిలో పడేసరికి దాని బరువు పోయింది.

ఇంతలో తీనా మామ్మ మనవరాలి భుజం పట్టుకుని లేచింది. తొంభైకి దగ్గరపడిన మనిషి.

"నా పాట పోయిందన్నావు కదూ, నెవ్యానా?"

"అవును మామ్మా. క్షమించు."

"పాట పోతే పోయింది. నేను పోలేదుగా! ఏవీ మీ ఫోన్లు? తియ్యండి. ఒక్కరు కాదు, అందరూ తియ్యండి."

మామ్మ గొంతు ఎత్తింది. మొదట్లో జీర పలికింది, తర్వాత తేరుకుంది. రెండో చరణానికి అల్లికల బృందం ఆడవాళ్లు వంత కలిపారు. హాలు నిండా చేతులు పైకి లేచాయి, ప్రతి చేతిలోనూ ఒక ఫోన్. నగరసభ పెద్దలు కూడా లేచి నిలబడి విన్నారు. మా పేటలో పుట్టినందుకు నేను అంత గర్వపడిన సాయంత్రం మరొకటి లేదు.

అన్నీ తిరిగి వచ్చాయని చెబితే అబద్ధమవుతుంది. పాడినవాళ్లకు నెవ్యానా ఎప్పుడో పంపిన పాటల నకళ్లు కొన్ని ఇళ్లలో దొరికాయి. గెర్గిన్ తాత గొంతు మాత్రం దొరకలేదు, ఇక దొరకదు కూడా. ఆయన పేరు వచ్చినప్పుడల్లా నెవ్యానా కళ్లు తడవుతాయి. మోసపోయినవాళ్లంతా కలిసి వినియోగదారుల హక్కులు చూసే అధికారులకు ఫిర్యాదు ఇచ్చారు. ఆ దుకాణం పేజీ మూతపడింది. రేపు వేరే పేరుతో తెరుచుకోదన్న నమ్మకం ఎవరికీ లేదు. అందుకే శనివారాలు పఠనమందిరంలో ఒక బల్ల వేశారు. ఎవరు ఏ కంప్యూటర్ భాగం కొన్నా తెచ్చి చూపించుకోవచ్చు. వెంట్సి పరీక్షిస్తాడు. స్లావ్చెవ్ గారు పక్కన కూర్చుని, దొంగ సరుకని తేలితే దుకాణం పేజీలో ఉన్నదున్నట్టు రాయిస్తారు. తాను పెట్టిన నక్షత్రాలను ఆయనే ముందుగా తీయించుకున్నారు.

మొన్న ఒక శనివారం పక్క ఊరు రాదోమిర్ నుంచి ఒక టాక్సీ డ్రైవరమ్మ వచ్చింది. సంచిలోని డిస్క్‌ను బల్ల కిందుగా అందిస్తూ, "కాస్త మెల్లగా మాట్లాడండి సార్, ఎవరైనా వింటే నామోషీ" అని గొణిగింది.

స్లావ్చెవ్ గారు ఆ డిస్క్ తీసుకుని అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టారు. హాలంతా వినబడేలా అన్నారు:

"తల ఎత్తమ్మా. మోసపోవడం నామోషీ కాదు. మోసపోయానని తెలిసీ నోరు మూసుకుని, వెనక వచ్చేవాణ్ణి అదే గోతిలో పడనివ్వడం నామోషీ."