కనకవ్వ రంగు

పరాయి రాష్ట్రంలో, మరమగ్గాల పేట భేస్తాన్‌లో పద్మారాణి వాళ్లది రెండు గదుల ఇల్లు. తండ్రి రాజనర్సు, తల్లి కనకవ్వ ఒకే కార్ఖానాలో పనిచేసేవారు. ఆయన మరమగ్గాలు నడిపేవాడు, ఆమె దారం కండెలు చుట్టేది. పద్మారాణి పక్క ఊరు సచిన్‌లో చీరల మీద అచ్చువేసే ఒక యూనిట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లకు రంగులు కూర్చేది. 2020 మార్చిలో అన్నీ ఒక్కసారే మూతపడ్డాయి. మే నెలలో చుట్టుపక్కల వాళ్లు చాలామంది రైళ్లెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. రాజనర్సు తమ్ముడు సోమలింగం కూడా సొంతూరు సిరిసిల్లకు పోయాడు. వీళ్లు ముగ్గురూ ఉండిపోయారు.

జూన్ చివర కార్ఖానా సగం మందితో తెరుచుకుంది. పద్మారాణి యూనిట్ ఇంకా తెరవలేదు. ఒకరోజు తల్లికి అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్తూ, సరదాకు కొనుక్కున్న కెమెరా కూడా తీసుకుపోయింది. రేకుల కప్పు కింద, ఉన్న ఒక్క కిటికీ పక్కన కనకవ్వ కూర్చుని కండె మారుస్తోంది. మాస్కు గడ్డం కిందికి జారింది. వెలుగు చెంప ఒక పక్కన, వేళ్ల మీద పడుతోంది. మిగతా అంతా నీడ. పద్మారాణి ఊపిరి బిగబట్టి ఫొటో తీసింది.

ఇంటికొచ్చి తన పాత కంప్యూటర్‌లో రంగులు తీసేసి నలుపు తెలుపులోకి మార్చింది. తెర మీద చూస్తే తల్లి కొప్పులో వెంట్రుకలు, నీడవైపు కన్ను, ముదురు చీర మడతలు అన్నీ కనిపించాయి. ఎత్తేసిన ఒక స్టూడియో నుంచి కొన్న ప్రింటర్ మీద వేస్తే మాత్రం ఒక చెంప, నాలుగు వేళ్లు మిగిలాయి. తక్కినదంతా మసి.

"ముఖమేది బిడ్డా?" అంది కనకవ్వ, కాగితం అటూ ఇటూ తిప్పి.

పద్మారాణి మొత్తం ఫొటోకు వెలుతురు పెంచి మళ్లీ వేసింది. ఈసారి ముఖం వచ్చింది కానీ బూడిద పూసినట్టు వచ్చింది. కిటికీ వెలుగు పాలిపోయింది. మంచి కాగితం ఏడు షీట్లే ఉంది, దుకాణాలలో దొరకడం లేదు. రాజనర్సు ఆ రెండు కాగితాలనూ చూసి, కొన్ననాడే చెప్పాను ఆ డబ్బా పనికిరాదని, అని గొణిగాడు.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే తన పని గుర్తొచ్చింది. బట్ట ఎన్నడూ తెర చెప్పినట్టు వినదు. అందుకే యూనిట్‌లో ముందు ఒక చిన్న ముక్క మీద వేసి చూశాకే మొత్తం బట్ట థాను ఎక్కించేవారు. కాగితం మాత్రం ఎందుకు వింటుంది?

కటిక నలుపుకు కంప్యూటర్ లెక్కలో సున్నా, తెలుపుకు రెండొందల యాభై అయిదు. సున్నా నుంచి అరవై దాకా అయిదేసి చొప్పున పెంచుతూ చిన్న చిన్న గడులు గీసి, ఒక షీటును ముక్కలుగా కోసి, ఒక ముక్క మీద వేసింది. సిరా ఆరేదాకా గంటసేపు ఆగి, గుమ్మంలో ఎండపొడ దగ్గర పట్టుకుని చూసింది. సున్నా నుంచి ముప్ఫై దాకా ఉన్న గడులన్నీ ఒకే నలుపుగా కలిసిపోయాయి. ముప్ఫై అయిదు దగ్గర మొదటిసారి గడికీ గడికీ మధ్య గీత కనిపించింది. తల్లి నీడవైపు ముఖం సరిగ్గా ఆ ముప్ఫై లోపలే ఉంది.

తప్పు ఎక్కడుందో తెలిశాక పని తేలికైంది. తెర కాంతి బాగా తగ్గించింది, కాగితం లాగే అది కూడా మబ్బుగా కనబడాలని. తర్వాత ఫొటోలో వెలుగునీడలను దిద్దే వంపు గీతలో, చీకటి రంగులుండే అడుగు భాగాన్ని మాత్రమే కొద్దిగా పైకి లాగింది. చెంప మీద వెలుగును ముట్టుకోలేదు. కండెలు చుట్టే మిషన్ కింది చీకటిని అసలు సున్నా దగ్గరే ఉంచింది. అది కూడా లేస్తే బొమ్మకు బలం పోతుంది. ముఖం ఉన్న భాగాన్నే మిగిలిన ముక్కల మీద వేస్తూ, ప్రతి ముక్క వెనక ఎంత లాగిందో పెన్సిల్‌తో రాసుకుంది. మొదట తక్కువైంది. తర్వాత ఎక్కువై కన్ను కింద మచ్చల్లా తేలింది. నాలుగో ముక్క మీద తల్లి కన్ను నీడలోంచి నిదానంగా చూసింది. అప్పుడు పూర్తి షీటు పెట్టింది.

కనకవ్వ ఆ ఫొటోను గుమ్మంలో వెలుగుకు పట్టి చూసింది. మర్నాడు కార్ఖానాకు పట్టుకుపోయింది.

రెండు రోజుల తర్వాత కార్ఖానా యజమాని సేఠ్ పద్మారాణిని పిలిపించాడు. ఫొటో ఆయనకు నచ్చింది. పెద్దది చేసిస్తే ఆఫీసు గోడకు పెడతానన్నాడు, కాగితం తానే తెప్పిస్తానన్నాడు. ముఖాన్ని మాత్రం కొంచెం తెల్లగా చెయ్యమన్నాడు, చూసేవాళ్లకు బాగుంటుందని. పద్మారాణి తలూపబోయింది. ఎంతైనా అమ్మానాన్నల సేఠ్. పక్కనే నిలబడ్డ కనకవ్వ కూతురి చేయి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. పెండ్లి ఫొటోల నన్ను తెల్లగ చేసిండ్రు. కార్డు మీద ఫొటోల బొగ్గు లెక్క చేసిండ్రు. గిదొక్కదాంట్లనే నేను నా లెక్క ఉన్న."

ఆ మాటనే తనకొచ్చిన హిందీలో సేఠ్‌కు కూడా చెప్పింది, గొంతు పెంచకుండా. ఆయన ఫొటోను, ఆమెను మార్చి మార్చి చూసి, సరే, ఇట్లాగే పెడదామన్నాడు.

కాగితం దొరికేసరికి నెలలు పట్టింది. దీపావళి సెలవులు అయ్యాక కార్ఖానా తెరిచిన రోజు పెద్ద ఫొటో గోడకెక్కింది. ఆ కాగితం వేరే రకం కనుక పద్మారాణి గడులన్నీ మళ్లీ వేసి, లెక్క కొత్తగా కట్టుకుంది. మగ్గాల మీద పనిచేసే కారీగర్లు ఒక్కొక్కరే దాని ముందు నిలబడ్డారు. ఒరియా ముసలాయన ఒకరు దగ్గరికి వెళ్లి, కండె మీద దారం పోగులు కూడా కనిపిస్తున్నాయని పక్కవాళ్లకు చూపించాడు. తమకూ ఫొటోలు తియ్యమని అడిగినవాళ్లకు పద్మారాణి ఆదివారం రమ్మంది. ఇన్నాళ్లు తనను కంప్యూటర్ పిల్ల అన్నవాళ్లు ఆ రోజు పేరుపెట్టి పిలిచారు. ఆమె వెన్ను నిటారుగా చేసుకుని నిలబడింది.

రాజనర్సు బయటికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాడు. సోమలింగం అప్పటికే ఆ ఫొటో ఫోన్‌లో చూశానని, బాగుందని అన్నాడు.

"ఫోన్ల చూస్తే ఏం తెలుస్తదిరా," అన్నాడు రాజనర్సు. "నువ్వు మల్ల పనికొచ్చినప్పుడు కాయితం మీద చూడు. మా పద్మ చేసింది."