ఉంగరపు చప్పుడు

టక్… టక్.

బల్ల మీద ఉంగరపు చప్పుడు.

ఆ వెనకే నీళ్ళ గ్లాసు — అంచు దాకా నిండి, లోపల కిటికీ వెలుతురు వణుకుతూ.

పెద్దాయన కొలువులో ఉన్నన్నాళ్ళూ బంట్రోతును పిలవడానికి బల్ల మీద గంట ఉండేది. పదవీ విరమణతో గంట పోయింది. ఉంగరం మిగిలింది. ఆ చప్పుడుకు పలికేది భార్య.

ఆయన జీవితమంతా మరమనుషుల కథలు చదివారు. యంత్రం మనిషయ్యే చోటల్లా పుట అంచున గీత గీశారు. ఇప్పుడు మనుమరాలి బడి కోసం తానే ఒక నాటకం రాశారు. ఒక యజమాని, ఒక మరమనిషి. ఏనాడూ ఏమీ అడగని ఆ యంత్రం చివరికి ఒకే మాట అంటుంది — "నాకు దాహంగా ఉంది."

ఆ మాట రాసిన పూట ఆయన కళ్ళు చెమర్చాయి.

యంత్రానికి దాహం… ఎంతటి ఊహ!

ముందుగదిలో సాధన. మనుమరాలు మరమనిషి. ఆయన యజమాని.

టక్… టక్.

పిల్ల లేచింది. నడుముకు చెయ్యి ఆనించి, ఒక కాలు ఈడుస్తూ వచ్చింది. గ్లాసు పెట్టింది. లేని కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఇంకేమైనా కావాలాండీ?" — జవాబుకు ఆగకుండానే వెనుదిరిగింది.

"భేష్! అచ్చం యంత్రమే! ఎవరు నేర్పారే ఈ నడక?"

"ఎవరూ నేర్పలేదు తాతయ్యా. నానమ్మని చూసి పట్టేశా."

వంటింటి గడపలో నానమ్మ పకపకా నవ్వింది. "గడుగ్గాయీ! నా మోకాళ్ళ నొప్పిని కూడా వదల్లేదుటే?"

నవ్వే. నిష్ఠూరం లేదు.

నిష్ఠూరమైనా ఉంటే బాగుండేది.

"ఆ చివరి మాటే రావట్లేదు తాతయ్యా," అంది పిల్ల. "నానమ్మ అదెప్పుడూ అనలేదుగా… ఎలా అనాలో తెలీట్లేదు."

ఆయన కాగితాల్లోకి తల వంచుకున్నారు. అక్షరాలు కనిపించలేదు.

సాయంత్రం. గొంతు ఎండింది. వేలు బల్ల దాకా వెళ్ళి… ఆగింది.

లేచారు. వంటింట్లోకి నడిచారు.

గ్లాసులు ఏ అరలో ఉంటాయి?

ఒక తలుపు తెరిచారు — డబ్బాలు. ఇంకొకటి — మడిచిన గుడ్డలు. సొంత ఇంట్లో దొంగలా నిలబడిపోయారు.

వెనుక ఈడ్చే అడుగు.

"అయ్యో, పిలవలేదేమండీ?"

"నీకు…" అన్నారు.

తాను రాసిన మాటే. ప్రశ్నగా మార్చి అడగాలి, అంతే. నాలుక తిరగలేదు.

ఆమె అప్పటికే గ్లాసు చేతిలో పెట్టి వెళుతోంది. అంచు దాకా నిండి… లోపల వెలుతురు వణుకుతూ…

ఆయన రెండో చెయ్యి కూడా గ్లాసుకు ఆనించారు.

గ్లాసుకు ఉంగరం తగిలింది.

టక్…

పిలిచారనుకుని ఆమె వెనక్కి తిరిగింది.