అన్నీ తొలగించాలా?

కెమెరాలో ఒక్క ఫొటో కూడా లేదు.

ఆమె బటన్ మళ్లీ నొక్కింది. నల్లటి తెర మీద ‘చిత్రాలు లేవు’ అన్న మాట అలాగే నిలబడి ఉంది. కార్డు బయటికి తీసి, ఏప్రన్ కొసతో తుడిచి మళ్లీ పెట్టింది. లేవు. రెస్టారెంట్ ఇంకా తెరవలేదు. కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించే ఉన్నాయి.

“ఏం చెల్లెమ్మా, దెయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావేంటి?” వంటాయన గిన్నెల మధ్యనుంచి తొంగిచూశాడు.

“ఫొటోలు పోయాయన్నా. అన్నీ.”

“పొద్దున్నే ఎక్కడికి పోతాయి? బ్యాటరీ చూసుకో.”

బ్యాటరీ నిండుగానే ఉంది. ఎదురుగా ఉన్న కుర్చీని ఫొటో తీసి చూసింది. శుభ్రంగా పడింది. కార్డు చెడిపోలేదు. అయితే ఎవరో పనిగట్టుకుని తీసేసినట్టే. ఈ కెమెరా అన్నీ చెరిపేముందు రెండుసార్లు అడుగుతుంది. ‘అన్నీ తొలగించాలా?’ అని ఒకసారి, ‘నిశ్చయమేనా?’ అని ఇంకోసారి. రెండుసార్లూ ఎవరో అవునన్నారు.

రేపు ఆ ఫొటోలు లైబ్రరీకి ఇవ్వాలి. చదువుకునే గదిలో గోడ మొత్తం ఆమెకే ఇస్తామన్నారు. అక్కడి లైబ్రేరియన్ రోజూ మధ్యాహ్నం ఇక్కడికే వస్తుంది. ఒకరోజు కౌంటర్ మీద కెమెరా కనిపిస్తే ఎవరిదని అడిగింది, చూడొచ్చా అంది, చూస్తూ చూస్తూ సూపు చల్లార్చేసుకుంది. “మంచివి ఏరి తెచ్చివ్వండి” అంది చివరికి. ఆ ‘అండి’ ఆమెకు రెండు రోజులు చెవుల్లోనే ఉండిపోయింది. ఇక్కడ ఆమె పేరు ‘హలో’, ‘ఇదిగో’, లేకపోతే ఒక చిటిక.

కుర్చీలు దించుతూ ఆలోచించింది. ఆమె తీసేవి అందరికీ నచ్చే ఫొటోలు కావు. మనుషులు లేచి వెళ్లిపోయాక బల్లలు. గ్లాసు అంచున పెదాల రంగు, సగం కొరికి వదిలేసిన బ్రెడ్డు, పసివాడు కుర్చీ కింద రాల్చిన మెతుకులు. ఇంట్లోనైతే ఏది కంటపడితే అది. “ఎంగిలి ప్లేట్లకు ఫొటోలేంటమ్మా? తినకముందు తియ్యి, మెనూకైనా పనికొస్తాయి” అన్నాడు మేనేజర్. “నలుగుర్నీ వరసగా నిలబెట్టి తీస్తే అది ఫొటో గానీ, పడుకున్నదాన్ని తీస్తావేంటే!” అంది అత్తగారు. ఆమె భర్త మాత్రం ఎప్పుడూ కసురుకోలేదు. “నీ సరదా నీది, నేనెప్పుడు కాదన్నాను? పనయ్యాక తీసుకో” అనేవాడు. పనయ్యాక అంటే ఎప్పుడో ఇద్దరికీ తెలియదు, అందుకే పని చేస్తూనే తీసేది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కెమెరా. కాపీ తీసి దాచుకుందామంటే ఇంట్లో కంప్యూటర్ ఉంది, దాని ముందు కుర్చీయే ఖాళీగా ఉండదు.

ఇంతకీ ఎవరు? అత్తగారు కాదు. ఆవిడ టీవీ రిమోట్‌లో కూడా ఒకే బటన్ నొక్కుతుంది, అదీ కళ్లు మూసుకుని. కూతురు? అది కెమెరా బాగానే వాడగలదు. కానీ ముందు పళ్లు ఊడినప్పుడు తీసిన ఫొటోను బళ్లో అందరికీ చూపించుకున్న పిల్ల, దాన్ని చెరుపుకుంటుందా? ఇక మిగిలింది ఒక్కడే. కాదన్నాడా ఎప్పుడైనా? లేదే. ఆయన మీద అనుమానం రావడమే తప్పన్నట్టు ఆమె గబగబా స్పూన్లు తుడవసాగింది.

మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి అతి మర్యాదగా ప్రవర్తించాడు. ప్లేట్లన్నీ తనే ఒకదాని మీద ఒకటి పేర్చి అందించాడు. “పాపం, మీకెందుకు శ్రమ” అన్నాడు. నవ్వాడు. ఆమె కూడా నవ్వి, అతను వెళ్లగానే బల్ల మీది గుడ్డ ఎత్తి చూసింది. అనుకున్నట్టే గ్లాసు పగిలి ఉంది, ముక్కలు నాప్‌కిన్‌లో చుట్టి ఉన్నాయి. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వంటాయన చెప్పాడు, “పగలగొట్టినవాడు అరవడు చెల్లెమ్మా, సాయం చేస్తాడు” అని.

గాజుముక్కలు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఆ పొద్దున ఆయన తన కంచం తనే తీసి సింకులో పెట్టాడు. పెట్టడమే కాదు, కడిగాడు. అత్తగారైతే పీట మీదనుంచి సగం లేచింది. “నీకేం ఖర్మరా, అది లేదూ!” అని. “ఉండనీ అమ్మా, దానికి డ్యూటీకి టైమవుతోంది” అన్నాడు. అంత తొందరలోనూ ఆమెకు కళ్లు చెమర్చాయి. దారి పొడుగునా ఆ ఒక్క కంచం గురించే మురిసిపోయింది. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే చెంపలు వేడెక్కాయి.

లైబ్రేరియన్ వచ్చి కూర్చుంది. “రేపు తెస్తున్నారు కదా?” అంది.

నోటిదాకా వచ్చింది, పోయాయండీ, క్షమించండి, నాలాంటిదానికి గోడలెందుకు లెండి అని. దాన్ని మింగేసింది.

“కొన్నాళ్లు ఆలస్యమవుతుందండీ. కానీ తెస్తాను. గోడ ఇంకెవరికీ ఇవ్వకండి.”

“ఇవ్వను. మీదే” అంది ఆవిడ, చెంచా అందుకుంటూ.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన ఆమెకంటే ముందే వచ్చి ఉన్నాడు. స్టవ్ దగ్గర నిలబడి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూస్తున్నాడు.

“నువ్వు కూర్చో. టీ నేను పెడతాను. చక్కెర ఎక్కడుంది?”

“ఇదేం చోద్యమే! వాడు వంటింట్లో, నువ్వు హాల్లోనా?” అంది అత్తగారు గుమ్మంలోనుంచి. “లేచి వెళ్లు.”

ఆమె లేవలేదు. చక్కెర ఎక్కడుందో చెప్పనూ లేదు. రోజంతా నిలబడ్డ కాళ్లను ముందుకు చాపింది. సంచిలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని చూడగానే ఆయన చేతిలో డబ్బా మూత కింద పడి గుండ్రంగా తిరుగుతూ పోయింది.

“నేను కేకలు వెయ్యను. ఏడవను కూడా. పొద్దున్నుంచీ అందరి ఆర్డర్లూ రాసుకున్నాను. ఇప్పుడు కూర్చున్నాను. మీరు చెప్పండి, నేను వింటాను.”

“దేని గురించి?”

ఆమె కెమెరాను ఆయన వైపు జరిపింది. అత్తగారు ఏదో అనబోయి, కోడలి మొహం చూసి, లోపలికి వెళ్లిపోయింది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఆమె కదల్లేదు. ఆయనే మంట ఆపాడు. గుడ్డ కోసం వెతికి, అదీ దొరక్క, తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

ఆమె అనుకుంది, ఈర్ష్య అంటాడు. లేకపోతే, ఇంటి సంగతులు గోడకెక్కితే పరువు పోతుందంటాడు. ఏదన్నా సరే, రేపు పొద్దున మళ్లీ కెమెరా పట్టుకుంటుంది. ఆ సంగతి ఈయన చెప్పే మాట మీద ఆధారపడి లేదు.

“నేనే తీసేశాను” అన్నాడాయన. “నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక సరదాగానే చూశాను. నమ్ము. హోటల్ బల్లలు చూశాను, బాగున్నాయి. వంటాయన చేతులు బాగున్నాయి. తర్వాత మన ఇల్లు వచ్చింది. అమ్మ, పాప, నేను. నేను చాలా వాటిల్లో ఉన్నాను. సోఫాలో కూర్చుని ఉన్నాను. బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. కంప్యూటర్ ముందు, మంచం మీద, గుమ్మంలో... అన్నింట్లో కూర్చునే ఉన్నాను. నా పక్కన ఎప్పుడూ నీ చెయ్యి ఒకటి, ఏదో అందిస్తూనో తీస్తూనో. నువ్వు కావాలని తియ్యలేదు, అది నాకు తెలుసు. అందుకే భయమేసింది. ఒక్కదాంట్లోనైనా నిలబడి ఉంటానేమోనని చివరి ఫొటో దాకా వెతికాను. లేను.”