పైకప్పు బృందం

మా అక్క ఇల్లు నేను పన్నెండు రోజుల్లో కట్టగలను. గొప్పలకు పోవడం లేదు, ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. ఒక గది, ముందు చిన్న అరుగు, పైన రేకులు. ఆ మాత్రం ఇల్లు రెండేళ్ళయినా పూర్తి కాలేదంటే ఇటుకలు లేకా కాదు, సిమెంటు లేకా కాదు. అన్నీ ఉన్నాయి. నన్ను కట్టనివ్వరు, అంతే.

అక్క మా చర్చి బడిలో ఎనభై మంది పిల్లలకు వంట చేస్తుంది. బావ పోయాక ఆమె గుడిసె ఒక పక్కకు ఒరిగిపోతే, పాస్టరుగారు బయటి దేశాల బృందాలు కట్టి ఇచ్చే ఇళ్ళ జాబితాలో ఆమెను చేర్చారు. ఈ బృందాలు పదేసి రోజులకు వస్తాయి. పాటలు పాడతారు, పిల్లలతో ఆడతారు, ప్రార్థన చేస్తారు, తమ చేతులతో ఏదో ఒకటి కట్టి వెళ్తారు. బడి నడిచేది వాళ్ళు పంపే దానితోనే. కాబట్టి ఎవరొచ్చినా చేతినిండా పని చూపించాలి. పని చూపించడం కోసం పాస్టరుగారు ఒక్కో ఇంటిని వాటాలు వేశారు. పునాది ఒక బృందానిది, గోడలు ఇంకో బృందానిది, పైకప్పు మరొకరిది, రంగులు వేరొకరివి. ఒకరి వాటాలో ఒకరు వేలు పెట్టకూడదు.

మొదటి బృందం రాకముందే గుడిసె పీకించేశారు. స్థలం చదునుగా కనబడాలట. అక్క మూటాముల్లె సర్దుకుని మా ఇంటి వరండాలోకి వచ్చింది. లోపల ఉన్నది ఒక్క గది, మేం ఆరుగురం.

"నెల రోజులేగా, సర్దుకుందాం వదినా" అంది మా ఆవిడ. పాపం, మనస్ఫూర్తిగానే అంది.

రెండో బృందం గోడలు కట్టింది. వాళ్ళలో ఒకాయన మరీ పొడుగు, నేను లోలోపల నిచ్చెన అని పిలుచుకునేవాణ్ణి. ఒక ఇటుక పెట్టడం, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి మురిపెంగా చూసుకోవడం. ఆ లెక్కన నేను కడితే నా పిల్లలు పస్తులే. వాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు గోడ నిటారుగా ఉందో లేదో దారానికి గుండు వేలాడదీసి చూసి, వంకర వరసలు విప్పి మళ్ళీ పేర్చేవాణ్ణి. అయినా చెడ్డవాళ్ళని చెప్పను. చివరి రోజు గోడల మీద చేతులుంచి అక్క కోసం ప్రార్థించారు. నిచ్చెన వెక్కివెక్కి ఏడ్చాడు. నా కళ్ళు కూడా చెమర్చాయి. మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు. పైకప్పు బృందానికి సెలవులు దొరికేది వానలు వెనకబట్టాకే.

అక్కకు ఆయాసం. కిందటి వానాకాలం మా వరండాలో జల్లుకు తడిసి తడిసి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకో వానాకాలం ఇలాగే గడిపితే మళ్ళీ ఆసుపత్రికి తెచ్చినా లాభం ఉండదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. పాస్టరుగారు తన ఇంట్లో ఉండమన్నారు కానీ, అక్కడా రెండు గదుల్లో ఎనిమిది మంది. రేకులు మాత్రం ఎప్పుడో వచ్చి చర్చి కొట్టుగదిలో కూర్చున్నాయి.

"అయ్యగారూ, ఒక్క రోజు పని. నేను బిగించేస్తాను" అని అడిగాను.

"వాళ్ళ చేతులతో బిగిస్తామని వాళ్ళ చర్చిలో అందరికీ చెప్పుకున్నారు బాబూ. వచ్చేసరికి అయిపోయి ఉంటే వాళ్ళేం చేస్తారు?"

"ప్రార్థన చేసుకుంటారు."

ఆయన నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మొదటి మబ్బు పట్టిన వారం పాస్టరుగారు పనిమీద వేరే ఊరు వెళ్ళారు. బియ్యం కూడా ఆ కొట్టుగదిలోనే ఉంటాయి కనుక తాళంచెవి అక్క దగ్గర ఉంది. అడిగితే ఇవ్వనంది. రెండో రోజు దగ్గలేక దగ్గలేక గోడకు చేరగిలబడితే, నేనే ఆమె కొంగు ముడి విప్పి తీసుకున్నాను. నాతో తాపీపని చేసే నా జతగాడూ నేనూ కలిసి మధ్యాహ్నానికల్లా బిగించేశాం. అక్క మంచం అందులో వేశాం. సాయంత్రం వాన పడింది. అక్క మంచం మీద కూర్చుని పైకి చూస్తూ, "చప్పుడు ఎంత బాగుందిరా" అంది. రెండేళ్ళలో నాకు నిజంగా సంతోషం కలిగింది ఆ పూటే.

మూడో రోజు పాస్టరుగారు వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన అక్క మంచం అంచున కూలబడిపోయారు.

"ప్రతి ఆదివారం ఈ ఇంటిని వీడియోలో చూపించమంటారు బాబూ. దీన్ని చూస్తూ ప్రార్థిస్తారు. ఇరవై రెండు మంది టికెట్లు కొనుక్కున్నారు."

"వాళ్ళకు రంగుల పని ఇవ్వండి."

"రంగులు ఇంకో బృందానివి."

"మనిషికి బాగాలేదని రాయండి మరి."

"రాశాను. ఆమె కోసం రోజూ మోకరిస్తున్నాం, మేం వచ్చి మా చేతులతోనే కప్పు వేస్తాం అని జవాబిచ్చారు. నది అవతలి బడికి వెళ్ళాల్సిన బృందం, పని ముందే అయిపోయిందని తెలిసి ప్రయాణం మానుకుంది. మరుసటి ఏడాది ఆ బడి లేదు. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆయన్ని కొట్టాలనిపించింది, జాలి కూడా వేసింది. ఈ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎందుకూ పనికిరాడు.

"దించెయ్యరా" అంది అక్క.

"నీకు మతి పోయిందా?"

"ఎనభై మంది పిల్లలురా. రేపు పొయ్యి వెలిగించేది నేనే కదా."

నిచ్చెన వేసుకుని ఎక్కాను. అక్క కింద పట్టుకుంది. నేను బోల్టు విప్పి రేకు జారవిడిస్తే, పాస్టరుగారూ నా జతగాడూ అందుకుని గోడకు ఆనించారు. ఒక్కొక్కటే తీస్తుంటే గదిలోకి వెలుతురు వచ్చి పడుతోంది. ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది. చివరికి అక్క మంచం పైనున్న రేకు ఒక్కటే మిగిలింది.

"అదొక్కటీ ఉంచగూడదా?" అంది అక్క.

రెండేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే. నేను పాస్టరుగారి వైపు చూశాను. ఆయన ఫోను పైకెత్తి, అందులోంచి గదిని చూశారు. ఇంకో మూలకు వెళ్ళి మళ్ళీ చూశారు. తల దించుకున్నారు.

"ఎటు నుంచి చూపించినా కనబడుతుంది బాబూ."

బోల్టు మీద చెయ్యి పెట్టి నేను అలాగే ఉండిపోయాను. కింద నిచ్చెన కదిలింది. అక్క దగ్గుతోంది. దగ్గుతూనే, నేను పడిపోకుండా నిచ్చెనను గట్టిగా పట్టుకుంది.

"విప్పరా," అంది, "వాన వచ్చేలోపు కిందికి దిగాలి నువ్వు."