వినిపించొద్దన్న మాటలు

నా అల్లుడు ఇమ్మానుయేలుకు రాళ్ళ క్వారీలో మందు పేలి రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాత అతను, నా కూతురు ఎస్తేరు, వాళ్ళ బిడ్డ జాయ్ మా ఇంటికే వచ్చేశారు. ఇది రాసిపెడుతున్నది ఆ జాయే. నా కొడుకు విజయభాస్కర్ కూడా మాతోనే ఉంటాడు. వాడికి పామిడిలో ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది.

కళ్ళు లేని మనిషికి కంప్యూటర్ ఎందుకని అన్నది నేనే. తెచ్చిచ్చింది భాస్కర్. అందులో ఒక ఆట ఉంది. బొమ్మలుండవు, అంతా రాతే. నువ్వు కోట వాకిట్లో ఉన్నావు, ఎడమపక్క మెట్లున్నాయి, కత్తి పట్టుకుని ఒకడు వస్తున్నాడు, ఇలా లైను తర్వాత లైను వస్తూ ఉంటుంది. కంప్యూటర్లో ఒక ఆడగొంతు దాన్ని చదువుతుంది. అల్లుడు విని, ఏం చెయ్యాలో టైపు కొడతాడు. హిందూపురం వాళ్ళు, బళ్ళారి వాళ్ళు, కువైట్ పోయిన వాళ్ళు, అందరూ అదే ఆటలో ఉంటారు. వాళ్ళు మాట్లాడుకునేదీ రాతలోనే వస్తుంది.

చిక్కంతా లైన్లు మరీ ఎక్కువ కావడమే. ఆ గొంతు చదివేలోపల కత్తి దిగిపోతుంది. అందుకని భాస్కర్ ట్రిగ్గర్లు రాసిచ్చాడు. ట్రిగ్గరంటే ఏమిటో జాయ్ ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. తర్వాత చేను గుర్తొచ్చింది. పందుల భయానికి చెనక్కాయ చేను చుట్టూ తీగ కట్టి డబ్బాలు వేలాడదీస్తాం. పంది తగిలితే డబ్బా మోగుతుంది. ఇదీ అంతే. ఫలానా మాట వస్తే ఈల వెయ్యి, ఫలానా మాట వస్తే ఆ లైనే చూపించొద్దు, అని ముందే కట్టిపెట్టుకోవడం. తెర మీద లేని లైనును గొంతు చదవదు. ఆ ఆటలో మాటిమాటికీ వాన పడుతుందట. అన్నిటికంటే ముందు వాళ్ళు తీసేసింది వాననే.

"ఈడ ఎట్లా పడదు, ఆడన్నా పడనీప్పా," అన్నాను.

"తడిసి ముద్దయితాండా మామా," అని నవ్వాడు అల్లుడు.

ఆ ఆటలో అతను ఒక దండుకు నాయకుడయ్యాడు. నలభై మంది దాకా ఉంటారు. ఇంట్లో చెంబు ఎక్కడుందో అడిగి తీసుకోవాల్సిన మనిషికి, అక్కడ పొమ్మంటే పోయేవాళ్ళున్నారు, ఆగమంటే ఆగేవాళ్ళున్నారు. కుర్చీలో కూర్చునే తీరే మారిపోయింది. ఆ పెద్దరికం పోతే మళ్ళీ మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంటాడని ఎస్తేరు నాతో అంటుండేది.

భాస్కర్ కూడా ఆ దండులో ఒకడు. నాయకుడి పదవి కావాలనుకున్నవాడు వారానికొకటి చొప్పున మూడు పిలుపులివ్వాలి. ఒక్కదానికీ నాయకుడు బదులు చెప్పకపోతే పదవి పిలిచినవాడిది. అది ఆటలో కట్టడి.

ఒకరోజు నేను పామిడిలో వాడి అంగడికి పోయాను. ఫోను నా చేతికిచ్చి టీ తేవడానికి పోయాడు. తెర మీద ఆట నడుస్తోంది. నాకు చదువు కూడబలుక్కుంటేగానీ రాదు. అట్లే కూడబలుక్కున్నాను. నాయకా, పెద్దరికం వదులు, ఇది రెండో పిలుపు, అని ఉంది. పిలిచినవాడి పేరు భాస్కర్. కింద ఎవరెవరో నవ్వుతున్నారు.

వాడు రాగానే అడిగాను. వాడేమీ దాచలేదు.

"బావకు ఆ లైను పోకుండా కట్టినా. ఇనపడకపోతే నొప్పేముండాది నాయనా? ఆటే కదా," అన్నాడు. టీ చల్లారిపోతోంది తాగమన్నాడు.

ఆదివారం గుడి నుంచి వచ్చాక అల్లుడికి చెప్పేశాను. నమ్మలేదు. నన్నెవరూ పిలవలేదు, నా దండు నా మాట దాటదు అన్నాడు. అయినా ట్రిగ్గర్లన్నీ పైకి చదవమని జాయ్‌తో చెప్పాడు. వాన, గాలి, కుక్కల అరుపులు అయ్యాక పెద్దరికం అన్న మాట వచ్చింది. ఆ మాట ఉన్న లైను చూపించొద్దట. దాని కింద ఇంకొకటి ఉంది. గుడ్డి అని ఎవరన్నా ఆ లైను చూపించొద్దు.

అది రాయించింది ఎస్తేరు. ఎప్పుడో తమ్ముణ్ణి బతిమాలి రాయించింది. అల్లుడు రెండూ తీసేయమన్నాడు. ఇన్నాళ్ళు చూపించకుండా ఆపినవి కూడా కంప్యూటర్లో వేరేచోట నిలవ ఉంటాయట. వాటిని మొదటి నుంచి చదివించమన్నాడు.

ఆ ఆడగొంతుకు కోపమూ ఉండదు, నవ్వూ ఉండదు. వాన పడుతోందని చెప్పినట్టే చెప్పుకుంటూ పోయింది. గుడ్డి నాయకుడు దారి తప్పినాడు, ఎవురన్నా కట్టె ఇయ్యండప్పా అని ఒకడు. గుడ్డోనికి పెండ్లాన్ని మార్చినా తెలీదులే అని ఇంకొకడు. జాయ్ తల దించుకుని వింది. ఎస్తేరు ఆపడానికి వచ్చింది. అల్లుడు ఆమె చెయ్యి వెతికి మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనీ. నాతోనే కదా మాట్లాడతాండేది."

గాజు చిట్లింది. అయినా వదల్లేదు. దండులో ఆ మాట అననివాళ్ళు తక్కువ. అల్లుడు తమ్ముడా అని పిలుచుకునే కువైట్ అతను అందరికంటే ఎక్కువ అన్నాడు.

చదువుతుండగానే మూడో పిలుపు వచ్చింది. ఉండాను, అని టైపు కొట్టాడు అల్లుడు. పదవి నిలిచింది. ఎస్తేరు ఏడుస్తూనే దేవునికి స్తోత్రం చెప్పుకుంది. అతని ముఖంలో మాత్రం సంతోషమేమీ కనపడలేదు.

ఆ సాయంత్రం తన చేత్తో ఒక ట్రిగ్గరు రాశాడు. భాస్కర్ పేరుతో ఏ లైను వచ్చినా చూపించొద్దు. దాన్ని దండులో వాడికి తప్ప అందరికీ పంపి, పెట్టుకోనివాడు దండు వదిలి పోవచ్చు అన్నాడు. గుడ్డోడని నవ్వినవాళ్ళే పోటీపడి పెట్టుకున్నారు. ఒక మనిషిని ఉండీ లేకుండా చెయ్యడం వాళ్ళకు మంచి వేడుకైందని జాయ్ చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అల్లుడు వాడితో మాట్లాడలేదు. ఆటలో వాడు పలకరిస్తే పలికేవాళ్ళు లేరు. కోపంతో ఒంటరిగా తిరిగి, ఆటలోని వాడి మనిషి ఒక పాడుబావిలో పడ్డాడు. పైనుంచి ఎవరన్నా తాడు వెయ్యాలి. దండు ఆ బావి పక్కనుంచే పోతోంది, వస్తోంది. వాడు అరుస్తున్న లైను ఒక్కరి తెర మీదా లేదు. పొద్దు గూకేలోపల తీయకపోతే ఆ మనిషి చచ్చినట్టే. ఏళ్ళ తరబడి పెంచుకున్న మనిషి.

భాస్కర్ అంగడి మూసి ఇంటికొచ్చాడు. అల్లుడు వసారాలో కంప్యూటర్ ముందు ఉన్నాడు. నేను పక్కన చెనక్కాయలు ఒలుస్తున్నాను.

"బావా, తప్పైపోయింది. తాడెయ్యమని చెప్పు," అన్నాడు.

అల్లుడు కదల్లేదు. వాడు మళ్ళీ చెప్పాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అల్లుడు ఈగను తోలినట్టు దులిపేసి, ముఖం నా వైపు తిప్పాడు.

"మామా, ఎవురన్నా వచ్చినారా?"

భాస్కర్ నన్నే చూస్తున్నాడు. "చెప్పు నాయనా," అన్నాడు. అల్లుడి వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. వాడు వచ్చినాడని నేనంటే, ఈ ఇంట్లో అతని మాటకు విలువ లేదని అందరి ముందూ చెప్పినట్టే.

"ఎవురూ రాలేదప్పా," అన్నాను.

ఎస్తేరు లోపలినుంచి సంగటి తెచ్చింది. రెండే కంచాలు తెచ్చింది. భాస్కర్ నిలబడే ఉన్నాడు. నేను చెయ్యి కడుక్కుని తిన్నాను.