వానకాలువ దగ్గర బాతులు

ఉప్పుటేట్లో ఆల్చిప్పలు చెడిపోవడానికి బాతులమ్మ బాతులే కారణమని ఊరంతా నమ్మింది. నమ్మనివారెవరైనా ఉన్నారంటే అవి ఆ బాతులే, వాటినెవరూ అడగలేదు.

అలా నమ్మడానికి ఆధారం లేకపోలేదు. ఆల్చిప్పల్లో మలం తాలూకు సూక్ష్మజీవులు హద్దు మీరాయని అధికారులు అమ్మకం ఆపించారు. ఏ రేవు మెట్ల దగ్గర నీళ్లు అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నాయో, సరిగ్గా అక్కడే బాతుల మంద పొద్దస్తమానం తిష్ఠ వేసుకుని ఉంటుంది. కంటికి కనిపిస్తున్నదానికి ఇంక సాక్ష్యమెందుకు? ఆల్చిప్పల పెంపకందారుల సంఘానికి పెద్ద, బాతులమ్మకు స్వయానా మరిది. ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వదినా, ఈ నెలాఖరులోపల మందని అమ్మేయాలి. సంఘంలో అందరిదీ అదే మాట. నన్నేం చేయమంటావు?"

"పొద్దున్నే నా బాతుగుడ్డు పడకపోతే నీకు తెల్లారదు కదయ్యా. అమ్మేశాక ఏం తింటావ్?"

"నాకూ అదే దిగులు వదినా."

పైకి నవ్వింది గాని, ఆ మధ్యాహ్నం ఆమెకు ముద్ద దిగలేదు. భర్త పోయాక ఇల్లు నడిపింది ఆ మందే. అంతకన్నా మనసును తొలిచిన సంగతి మరొకటుంది: ఊరి మాటను ఆమె కూడా సగం నమ్మింది. బాతులు రెట్ట వేస్తాయి, అందులో అబద్ధమేముంది?

మర్నాడు ల్యాబ్ నుంచి ఒకమ్మాయి ఐసుపెట్టె భుజాన వేసుకుని వచ్చింది. మెట్ల దగ్గర సీసాల్లో నీళ్లు పట్టుకుని, తిన్నగా బాతులమ్మ దొడ్లోకి నడిచింది.

"పిన్నిగారూ, కాస్త బాతు రెట్ట కావాలండి. తాజాది."

బాతులమ్మ నోరు వెళ్లబెట్టింది. "అందరూ వచ్చి గుడ్లడుగుతారు. నువ్వేంటమ్మా? ఎంత కావాలంటే అంత పట్టుకుపో. బేరాలేం లేవు!"

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వి, విషయం విడమరిచి చెప్పింది. ప్రతి జీవి పేగుల్లోనూ ఆ జీవికే ప్రత్యేకమైన సూక్ష్మజీవులుంటాయి. మనిషివి వేరు, ఆవువి వేరు, బాతువి వేరు. నీళ్లలో ఉన్నవి ఎవరివో తేల్చాలంటే ఈ మంద నమూనా కూడా చేతిలో ఉండాలి.

"వీటివేనమ్మా. అందరికీ తెలుసు," అంది బాతులమ్మ నీరసంగా.

"అందరికీ తెలుసన్న సంగతి నీళ్లకి తెలియదుగా పిన్నిగారూ."

నెలాఖరు దగ్గరపడుతుండగా ఆ అమ్మాయి ఫలితంతో తిరిగి వచ్చింది. సంఘంవాళ్లు రేవు దగ్గర గుమిగూడారు. నీళ్లలో బాతు జాడ పిసరంత; మనిషి జాడ మాత్రం దండిగా ఉంది.

"మనిషిదా!" అన్నాడు మరిది. "ఒడ్డున ప్రతి ఇల్లూ మురుగు గొట్టానికే కలిపి ఉందమ్మా. మీ లెక్క ఎక్కడో తప్పింది."

ఆ అమ్మాయి బాతులమ్మ వైపు తిరిగింది. "ఏరంతా ఉండగా మీ బాతులు ఈ మెట్లనే పట్టుకుని ఎందుకుంటాయండీ?"

"తియ్యనీళ్ల కోసం తల్లీ. ఉప్పునీళ్లలో ఎంత ఈదినా తాగడానికి తియ్యనీళ్లే కావాలి వాటికి. మెట్ల కింద వానకాలువ మూతి ఉందిగా, అందులోంచి సన్నగా ధార పడుతుంటుంది."

"వాన పడి ఎన్నాళ్లయింది?"

అందరూ ఒక్కసారి ఆకాశం వైపు చూశారు. అక్కడ మబ్బుతునక లేదు. వచ్చి చాలాకాలమైంది కూడా.

అమ్మాయి సంచిలోంచి రంగుపొడి డబ్బా తీసింది. ప్రాణులకు హాని చేయని రంగు; ఎవరి గొట్టం వానకాలువలో కలిసిందో అదే చూపిస్తుందంది. ఒడ్డునున్న ఇళ్లలో ఒక్కొక్క మరుగుదొడ్డిలో వరసగా అది వేసి నీళ్లు వదులుతూ పోయారు. బాతులమ్మ కాలువ మూతి దగ్గర కాపలా కూర్చుంది.

"వచ్చిందా?" అని కేక.

"ఏం రాలేదూ!" అని జవాబు.

చివరికి మిగిలింది ఆల్చిప్పలు కడిగే సంఘం షెడ్డులోని మరుగుదొడ్డి.

"ఇక్కడ అక్కర్లేదమ్మా," అన్నాడు మరిది. "ఇది కొత్తది. ప్లంబర్ దండగెందుకని గొట్టాలన్నీ నా చేతుల మీదుగా బిగించాను."

"అయితే ఫ్లష్ కూడా మీ చేతుల మీదుగానే కానివ్వండి బాబాయిగారూ."

ఆయన ఠీవిగా లోపలికి వెళ్లి, రంగు వేసి ఫ్లష్ లాగాడు.

కాసేపటికి రేవు నుంచి కేక వినిపించింది. "మరిదీ! వచ్చిందయ్యోయ్! చిలకపచ్చగా వచ్చింది!"

అందరూ పరుగెత్తుకెళ్లారు. కాలువ మూతిలోంచి పచ్చటి ధార దూకుతోంది. ఆ పచ్చదనం నడుమ బాతులు ఏమీ ఎరగనట్టు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి.

"ఇప్పుడు చెప్పవయ్యా," అంది బాతులమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని. "వీటిలో ఏది నీ షెడ్డులో దూరి ఫ్లష్ లాగింది?"

రేవంతా గొల్లున నవ్వింది. మరిది తల గోక్కున్నాడు. "పక్కపక్కన రెండు గొట్టాలున్నాయి వదినా. రెండూ ఒక్కలాగే ఉంటే..."

"వాననీళ్లదానికి తగిలించావు."

"నీకు దణ్ణం పెడతాను. గుడ్లు మాత్రం ఆపకు." అందరికన్నా ఎక్కువగా నవ్వింది ఆయనే.

మర్నాడే అసలు ప్లంబర్ వచ్చి గొట్టాన్ని మురుగు లైనుకు మార్చాడు. ధార ఆగిపోయింది గనుక, మెట్ల మీద తొట్టి పెట్టి రోజూ తియ్యనీళ్లు నింపే పని మరిది తనకు తానే నెత్తిన వేసుకున్నాడు. బాతులు రేవు వదలలేదు. కొంతకాలానికి ల్యాబమ్మాయి మళ్లీ అక్కడే నీళ్లు పట్టింది. సూక్ష్మజీవులు హద్దు లోపలే ఉన్నాయి. ఆల్చిప్పల అమ్మకం మొదలైంది.

ఆమె నీళ్లు పట్టిన పూట మెట్ల దగ్గర ఈదుతున్న బాతులు, బాతుపిల్లలతో కలిపి, మునుపటికన్నా ఎక్కువే.